ఒక ఊరు, అయిదు పేర్లు
(సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఈ పూట చట్టం గురించి మాట్లాడమన్నారు. రాజ్యాంగంలోని 350-ఏ అధికరణాన్ని గురించి ఇటువంటి వేదికలపై ఎన్నిమార్లు చెప్పానో మీకు తెలియనిది కాదు. కొందరికి కంఠతా వచ్చి ఉంటుంది కూడా. అందువల్ల ఈసారి చట్టాన్ని ఒక ఊరి కథగా చెప్పదలచాను. నిరుడు సెప్టెంబరులో అల్పసంఖ్యాకుల హక్కులపై పనిచేసే న్యాయవాదుల సమావేశానికి పోలెండు రాజధాని వార్సాకు వెళ్లాను. సమావేశం ముగిశాక నాలుగు రోజులు మిగుల్చుకుని ఆ దేశపు ఈశాన్య మూలనున్న ఒక నగరానికి రైలెక్కాను. ఆ ఊరి కథే ఇది.

దాని పేరు బియావిస్తోక్. ఆంగ్ల పత్రికలు బయాలిస్టాక్ అని రాస్తాయి. పోలిష్ లిపిలో ఎల్ అక్షరం మీద అడ్డగీత గీస్తే దానిని ‘వ’ అని పలకాలట. ఈ సంగతి నాకు రైల్లో పక్కనున్న ఒక పెద్దాయన నేర్పారు. నేను సరిగా పలికేదాకా వదలలేదు. తెల్లని ఏటివాలు అన్నది ఆ మాటకు అర్థం. అదే ఊరిని రష్యన్లు బెలొస్తోక్ అన్నారు, బెలారూసీలు బెలాస్తోక్ అన్నారు, యిడ్డిష్ మాట్లాడే యూదులు బ్యాలిస్తోక్ అన్నారు, లిథువేనియన్లు బాల్స్తొగె అన్నారు. ఊరు ఒకటే, పేర్లు అయిదు. ఊరి పేరును మన నోటికి వచ్చినట్టు పలికితే బస్సులో వెనక్కి తిరిగి చూసేవాళ్లను ఎరిగిన మీకు ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో అర్థమవుతుంది.

ఈ ఊరు ఇన్ని భాషలకు ఇల్లు ఎట్లా అయింది? అంతా పాలకులు గీసిన గీతల మహిమ. పద్దెనిమిదో శతాబ్దంలో అది బ్రానిత్స్కి వంశపు జమీందార్ల ఊరు. వారి రాజభవనం ఇప్పటికీ ఉంది, వైద్య విశ్వవిద్యాలయం దానిలో నడుస్తోంది. 1795లో పోలెండును ఇరుగుపొరుగు రాజ్యాలు మూడోసారి పంచుకున్నప్పుడు ఈ ఊరు ప్రష్యా వంతుకు వచ్చింది. 1807లో రష్యా చేతికి మారింది. 1830-31లో పోలులు జారు చక్రవర్తిపై తిరగబడి ఓడిపోయాక, శిక్షగా పోలిష్ ప్రాంతానికి, రష్యా సామ్రాజ్యానికి నడుమ సుంకాల సరిహద్దు పెట్టారు. వూచ్ నగరంలో నేసిన బట్ట రష్యా బజారుకు పోవాలంటే సుంకం కట్టాలి. మిల్లుల వారు ఏం చేస్తారు? మగ్గాలు మూట కట్టుకుని ఆ గీత దాటి అవతల మొదటగా వచ్చే ఊళ్లో దిగారు. ఆ ఊరే బియావిస్తోక్. జర్మన్ నేతగాళ్లు వచ్చారు, యూదు వర్తకులు వచ్చారు, చుట్టుపక్కల పల్లెల నుండి బెలారూసీ కూలీలు వచ్చారు, పరిపాలించడానికి రష్యన్ ఉద్యోగులు వచ్చారు. 1862లో వార్సాను సెయింట్ పీటర్స్‌బర్గుతో కలిపే రైలుమార్గం ఊరి మీదుగా పడింది. 1897 నాటి రష్యా జనగణన మాతృభాషను బట్టి లెక్కించింది. ఊరి జనాభా సుమారు 66 వేలు. అందులో నూటికి 60 మందికి పైగా యిడ్డిష్ వారు, 17 మంది పోలిష్ వారు, 10 మంది రష్యన్లు, మిగిలిన కొద్దిమందిలో జర్మన్లు, బెలారూసీలు.

ఇక్కడ ఒక మాట. ఏ ఊళ్లోనైనా పలుభాషలు ఉంటే దానిని మనవారు సంగమమని, ఇంద్రధనుస్సని పొగడుతూ ఉంటారు. పోలెండు పర్యాటక కరపత్రాలు కూడా ఇదే ధోరణిలో ఉన్నాయి. నాకు ఆ పొగడ్తల మీద నమ్మకం తక్కువ. బజారులో నాలుగు భాషలు వినపడడం వేరు, కచేరీలో నాలుగు భాషలు చెల్లడం వేరు. మా హోసూరు సంతలో తెలుగు, కన్నడం, తమిళం, ఉర్దూ వినపడతాయి. రిజిస్ట్రారు కార్యాలయంలో ఎన్ని వినపడతాయో మీరే చెప్పండి.

ఆ బజారులోనే పెరిగిన ఒక పిల్లవాడు ఉన్నాడు. పేరు లూద్విక్ జామెన్‌హోఫ్. 1859 డిసెంబరు 15న ఆ ఊళ్లో పుట్టాడు, తండ్రి భాషల ఉపాధ్యాయుడు. రష్యన్లు, పోలులు, జర్మన్లు, యూదులు ఎవరి భాష వారు మాట్లాడుతూ ఒకరినొకరు శత్రువులుగా చూసుకోవడం చిన్ననాటి నుండి తనను ఎంత బాధించిందో ఆయన తరువాత ఒక ఉత్తరంలో రాశాడు. అందరికీ చెందిన, ఎవరి సొంతమూ కాని భాష ఒకటుంటే ఈ పగ తీరుతుందని తలచాడు. కంటి వైద్యుడై వార్సాలో ఉంటూ 1887లో ఆ భాషకు తొలి పుస్తకం అచ్చు వేశాడు. రచయిత పేరు డాక్టర్ ఎస్పెరాంతో అని వేసుకున్నాడు. ఆశించేవాడు అని అర్థం. భాషకు ఆ పేరే నిలిచింది. ఆయన పుట్టిన ఇల్లు నేడు లేదు. ఆ వీధికి మాత్రం ఆయన పేరు పెట్టారు. 2009లో ఆయన 150వ జయంతి సంవత్సరాన ప్రపంచ ఎస్పెరాంతో మహాసభ ఆ ఊళ్లో జరిగింది, ఆయన పేరిట ఒక సాంస్కృతిక కేంద్రం కూడా తెరిచారు.

ఆ మహనీయునిపై నాకు గౌరవం ఉంది. మాతృభాషలను తీసివేయాలని ఆయన ఏనాడూ అనలేదు, ఎస్పెరాంతోను రెండో భాషగా మాత్రమే నేర్వమన్నాడు. అయినా ఆయన రోగనిర్ణయంతో నేను విభేదిస్తాను. ఆ బజారులో జనానికి ఒకరి మాట ఒకరికి తెలియక కాదు కక్షలు పెరిగింది. మాంసం కొనేవాడికి, అమ్మేవాడికి రెండు మూడు భాషలు ధారాళంగా వచ్చు. 1906 జూన్‌లో మూడు రోజుల పాటు యూదుల ఇళ్ల మీద, దుకాణాల మీద దాడులు జరిగి 80 మందికి పైగా చనిపోయారు. చంపినవారికి, చచ్చినవారికి నడుమ భాష అడ్డు రాలేదు. ఏ భాష వాడికి బడి, ఏ భాష వాడికి ఉద్యోగం, ఏ భాష వాడికి న్యాయం అన్న చోట తేడా ఉన్నంత కాలం ఎంత చక్కని ఉమ్మడి భాష వచ్చినా చేయగలిగింది తక్కువ. జామెన్‌హోఫ్ 1917లో కన్నుమూశాడు. ఆయన ముగ్గురు బిడ్డలనూ నాజీలు చంపారు. కొడుకు ఆదామ్‌ను 1940లో కాల్చివేశారు. కూతుళ్లు జోఫియా, లీదియా 1942లో త్రెబ్లింకా మరణశిబిరంలో హతులయ్యారు.

ఆ 1906లోనే, ఆగస్టు నెలలో, అదే ఊళ్లో ఒక యూదు కుటుంబంలో ఆల్బర్ట్ సేబిన్ పుట్టాడు. 1921లో అమెరికాకు వలస వెళ్లాడు. మన పిల్లల నాలుక మీద వేయించిన పోలియో చుక్కల మందు ఆయన కనుగొన్నదే. బియావిస్తోక్‌తో మనకున్న చుట్టరికం అది.

ఊరి నడిబొడ్డున ఒక గుడి ఉంది. న్యాయవాదిగా నాకు ఊరంతటిలో అన్నింటికంటె నచ్చింది అదే. పదిహేడో శతాబ్దపు తొలి భాగంలో కట్టిన చిన్న తెల్లని కథోలిక చర్చి అది. దానిని ఆనుకుని ఆకాశానికి లేచిన రెండు శిఖరాలతో బ్రహ్మాండమైన ఎర్ర ఇటుకల చర్చి ఒకటి నిలబడి ఉంది. పాతది దాని పక్కన పసిపిల్లలా కనపడుతుంది. సంగతేమంటే, జారు ప్రభుత్వం అక్కడ కొత్త కథోలిక చర్చి కట్టడానికి అనుమతి ఇవ్వదు. ఉన్నదానిని విస్తరించడానికి మాత్రమే అనుమతి. సరే, విస్తరణకే అనుమతి అడిగారు, విస్తరణకే పొందారు. 1900లో మొదలుపెట్టి 1905 నాటికి ఆ ‘విస్తరణ’ను పూర్తి చేశారు. కాగితం మీద అది పాత గుడికి తగిలించిన వసారా. నేను చూస్తూ చాలాసేపు నవ్వుకున్నాను. అనుమతి పత్రంలోని ఒక్క మాటను పట్టుకుని ఎంత దూరం పోవచ్చునో ఆ ఇటుకలను చూసి నేర్చుకోవాలి. మన పాఠశాలల్లో ‘అదనపు తరగతి’ అన్న మాటకు కూడా చాలా చోటు ఉంది, పెద్దలు గమనించాలి.

అదే వీధుల్లో ఇంకాస్త నడిస్తే పొడవైన భవనాల నడుమ ఒక ఖాళీ చోటు, అందులో నేలకు ఒరిగి మెలితిరిగిన ఇనుప గుమ్మటపు చట్రం కనపడుతుంది. 1913లో పూర్తయిన పెద్ద యూదు ప్రార్థనా మందిరం అక్కడ ఉండేది. 1941 జూన్ 27న జర్మన్ పోలీసు దళం వందలాది యూదులను లోపలికి తోసి తలుపులు మూసి నిప్పంటించింది. ఆ రోజు ఊళ్లో హతులైన వారందరినీ కలిపితే రెండు వేల దాకా ఉండవచ్చునని చెబుతారు. ఆ కూలిన గుమ్మటానికి గుర్తుగా 1995లో ఈ చట్రాన్ని నిలిపారు. 1943 ఆగస్టు 16న అక్కడి నిర్బంధవాడలో మిగిలినవారు చేత చిక్కిన ఆయుధాలతో తిరగబడ్డారు, కొద్ది రోజుల్లో అణగిపోయారు. 1931 జనగణనలో ఆ నగరంలోని 91 వేల మందిలో నూటికి 40 మందికి పైగా యూదులు. యిడ్డిష్‌లో దినపత్రిక ఉండేది, యిడ్డిష్ బడులు, హీబ్రూ బడులు ఉండేవి. ఇప్పుడు ఆ వీధుల్లో యిడ్డిష్ వినాలంటే ఎవరి నోట వినాలి? ఊరి పేరుతో ఒక రొట్టె ఉంది. నడుమ గుంట చేసి అందులో ఉల్లిపాయ తరుగు, గసగసాలు వేసి కాలుస్తారు. దానిని న్యూయార్కుకు వలస వెళ్లిన యూదులు ‘బియాలి’ అని నేటికీ తింటున్నారు. పుట్టిన ఊళ్లో దానిని కాల్చేవారు లేక మరుగున పడింది.

ఇక చట్టం దగ్గరకు వస్తాను. ఎంత తప్పించుకోవాలన్నా అది నన్ను వదలదు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి, పోలెండు మళ్లీ స్వతంత్ర దేశమైనప్పుడు అగ్రరాజ్యాలు దానికి ఒక షరతు పెట్టాయి. 1919 జూన్ 28న, జర్మనీతో వెర్సాయ్ సంధి జరిగిన నాడే, పోలెండుతో అల్పసంఖ్యాకుల హక్కుల ఒప్పందం వేరుగా జరిగింది. దాని 9వ అధికరణం చూడండి. ఏ పట్టణాల్లో, జిల్లాల్లో పోలిషేతర భాషీయులు చెప్పుకోదగిన నిష్పత్తిలో ఉంటారో, అక్కడి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వారి పిల్లలకు వారి భాషలోనే బోధించడానికి ‘తగిన సౌకర్యాలు’ కల్పించాలన్నది దాని సారాంశం. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? 1956లో ఏడవ సవరణ ద్వారా మన రాజ్యాంగంలో చేర్చిన 350-ఏ అధికరణంలో ఉన్నదీ ‘తగిన సౌకర్యాలే’. ఎంత ఉంటే తగినదో అందులోనూ చెప్పలేదు, ఇందులోనూ చెప్పలేదు.

చెప్పకపోతే ఏమవుతుందో బియావిస్తోక్ ప్రాంతంలో తేలిపోయింది. 1924లో పోలెండు చేసిన విద్యా చట్టం లెక్కలు పెట్టింది. ఊరి జనాభాలో ఆ భాష వారు నూటికి 25 మంది ఉండాలి, 40 మంది పిల్లల తల్లిదండ్రులు సంతకాలు చేసి అర్జీ పెట్టుకోవాలి. ఇరవై మంది పిల్లల తల్లిదండ్రులు పోలిష్ కావాలంటే ఆ బడి ద్విభాషా బడి అవుతుంది. ఆ ద్విభాషా బడులు ఎటు మొగ్గాయో ఊహించుకోవడం కష్టం కాదు. 1930ల చివరికి బెలారూసీ బడులు దాదాపు కనుమరుగయ్యాయి. ఒప్పందం సంగతి? 1934 సెప్టెంబరు 13న పోలెండు విదేశాంగ మంత్రి యూజెఫ్ బెక్ జెనీవాలో నానాజాతి సమితి ముందు నిలబడి, ఇక మీదట ఈ హక్కుల పర్యవేక్షణకు మేము సహకరించము అని ప్రకటించాడు. అంతటితో సరి. మన దేశంలో 1949 నాటి విద్యామంత్రుల తీర్మానంలో తరగతికి 10 మంది, బడికి 40 మంది అన్న లెక్క ఉన్నదని మీరెరుగుదురు. ఆ నలభై అంకెను పోలెండు చట్టంలో చూసి నేను ఉలిక్కిపడిన మాట నిజం.

బడి కంటె లోతైన చోట దెబ్బ తగిలింది, అది జనగణన. 1931లో పోలెండు జనగణన చేసినప్పుడు నీ జాతి ఏది అని అడగకుండా నీ మాతృభాష ఏది అని అడిగింది. బియావిస్తోక్‌కు ఆగ్నేయాన ఉన్న పొలేసియె అనే ప్రాంతంలో ఏడు లక్షలకు పైగా జనం ‘ఇక్కడి భాష’ అని రాయించారు. మేము ఇక్కడి వాళ్లం, మాది ఇక్కడి భాష. పోలిష్‌లో ‘తుతేయ్‌షి’ అంటారు. అధికారులకు ఇంతకంటె సుఖం ఏముంది! ఏడు లక్షల మందిని బెలారూసీల లెక్కలోనూ వేయనక్కరలేదు, ఉక్రేనియన్ల లెక్కలోనూ వేయనక్కరలేదు. బడి అడగడానికి వారికి ఒక భాష అంటూ లేకుండా పోయింది.

ఇది తొంభై ఏళ్లనాటి పాత ముచ్చట అనుకోకండి. బియావిస్తోక్ నుండి దక్షిణంగా ఓర్లా అనే పల్లెకు వెళ్లాను. పెద్ద పాత యూదు ప్రార్థనా మందిరం పాడుబడి ఉంది, దానికి కొంత దూరంలో ఆర్థడాక్సు చర్చి ఉంది. అంగడి ముందు బెంచీ మీద కూర్చున్న ఒక ముసలమ్మను, వెంట వచ్చిన న్యాయశాస్త్ర విద్యార్థిని ద్వారా, మీరు ఇంట్లో ఏ భాష మాట్లాడతారమ్మా అని అడిగించాను. ఆమె ‘పో స్వోయోము’ అంది. మా పద్ధతిలో, మాదైన రీతిలో అని అర్థం. అది బెలారూసీ కాదా అంటే తల అడ్డంగా ఊపింది. అది పుస్తకాల వాళ్ల భాష, మాది అట్లా ఉండదు అంది. నిజానికి ఆ పల్లెల వారి యాస ఉక్రేనియన్‌కు కూడా దగ్గరగా ఉంటుందని పండితులు చెబుతారు. పండితులు ఏమన్నా, ఆ అమ్మ తన భాషను ఏ పేరుతో రాయించాలో తెలియక పోలిష్ అని రాయిస్తే నష్టం ఎవరికి?

ఆమె మాట విన్నప్పుడు నాకు మన ఇళ్లు గుర్తుకు రాలేదంటే అబద్ధమవుతుంది. కృష్ణగిరి, వేలూరు పల్లెల్లో, బళ్లారి, కోలారు తాలూకాల్లో, గజపతి, గంజాం జిల్లాల్లో, ఎన్యూమరేటరు గడపలోకి వస్తే ‘మాది అసలు తెలుగు కాదండీ, కలగాపులగం’ అనే పెద్దలు ఎందరు! కోస్తా తెలుగు కాకపోతే అది తెలుగు కాదా? నాయకరాజుల నాటి నుండి నాలుగైదు వందల ఏళ్లుగా ఇక్కడే పుట్టి ఇక్కడే మట్టిలో కలిసిన వారి భాషకు వేరే ధ్రువపత్రం కావాలా?

ఆ పల్లెల వారు జంకడానికి మరో కారణం కూడా ఉంది. 1946 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆ ప్రాంతంలో పోలిష్ సాయుధ దళం ఒకటి బెలారూసీ ఆర్థడాక్సు పల్లెల మీద పడి 79 మందిని చంపింది. భయం మనవళ్ల దాకా వస్తుంది. జనగణన ఫారం పట్టుకుని వచ్చినవాడు ఆ కథను ఎరుగడు. 2002 జనగణనలో తమను బెలారూసీలుగా చెప్పుకున్నవారు దేశమంతటా సుమారు 48 వేలే.

ఇప్పుడున్న చట్టం మాట చెబుతాను. పోలెండు 2005 జనవరి 6న జాతీయ, తెగల అల్పసంఖ్యాకుల చట్టం చేసింది. కనీసం 100 ఏళ్లుగా ఆ నేల మీద ఉన్న సమూహాలకే అది వర్తిస్తుంది. తొమ్మిది జాతీయ సమూహాలను, నాలుగు తెగలను పేరుపేరునా గుర్తించింది. కషూబియన్‌ను ప్రాంతీయ భాషగా గుర్తించింది. ఒక స్థానిక పాలనా విభాగంలో నూటికి 20 మంది అల్పసంఖ్యాకులు ఉంటే వారి భాషను సహాయక భాషగా కచేరీలో వాడవచ్చు. వారి భాషలో ఉత్తరం రాస్తే తీసుకోవాలి, అడిగితే ఆ భాషలోనే జవాబు ఇవ్వాలి. ఊరి పేరును రెండు భాషల్లో రాయవచ్చు. బడి విషయంలో ఉత్తర్వులు ఇంకా ఉదారం. ప్రాథమిక తరగతిలో 7 మంది పిల్లల తల్లిదండ్రులు లిఖితపూర్వకంగా కోరితే ఆ భాషకు ప్రత్యేక తరగతి పెట్టాలి. ఏడుగురు! మన పదితో పోల్చి చూడండి. ఓర్లాలో మూడింట రెండు వంతుల మంది బెలారూసీలు కనుక 2011 నుండి అక్కడి ఊళ్ల పేర్లకు రెండు లిపుల్లో బోర్డులు ఉన్నాయి. నేను వాటి ముందు నిలబడి ఫొటో తీయించుకున్నాను. ముసలివాళ్లు కొందరు చూసి నవ్వారు. బోర్డుతో ఫొటో ఎందుకో వారికి అర్థం కాలేదు.

బియావిస్తోక్ నగరానికి మాత్రం ఈ 20 శాతం అందదు. పల్లెలు వదిలి పనుల కోసం నగరం చేరిన బెలారూసీలు మూడు లక్షలకు కాస్త తక్కువ జనంలో కలిసిపోయారు. పల్లెలో ఉంటే హక్కు ఉంది, బతుకుతెరువుకు నగరం పోతే హక్కు పోయింది. శాతాలతో వచ్చే హక్కుల తంతు ఇదే. దీని మీద నేను అక్కడి న్యాయవాది మిత్రులతో గట్టిగానే వాదించాను. శాతం వద్దు, సంఖ్య చాలు అన్నది నా వాదం. వారు పూర్తిగా ఒప్పుకోలేదు.

ఇంకొక సంగతి మనకు మరీ ముఖ్యం. 2022లో పోలెండు విద్యాశాఖ ఒక ఉత్తర్వుతో జర్మన్ అల్పసంఖ్యాకుల పిల్లలకు వారానికి 3 గంటలున్న భాషా బోధనను ఒక గంటకు తగ్గించింది. జర్మనీలో పోలిష్ వారికి తగినంత ఇవ్వడం లేదు, అందుకు ఇది జవాబు అన్నారు. పోలెండు పౌరుడైన పదేళ్ల పిల్లవాడికి జర్మనీ ప్రభుత్వం చేసిన పనితో ఏమిటి సంబంధం? ప్రభుత్వం మారాక 2024 సెప్టెంబరు నుండి ఆ గంటలను తిరిగి ఇచ్చారు. నడుమ రెండేళ్ల పాటు పిల్లలు కోల్పోయినదానిని ఏ ఉత్తర్వు తిరిగి ఇస్తుంది? ‘మీ రాష్ట్రంలో మా భాష వాళ్లకు ఏం చేశారని మీకు ఇక్కడ చేయాలి’ అన్న మాట మనలో ఎంతమంది విని ఉంటారు! నేనైతే ఒక కార్యాలయంలో చెవులారా విన్నాను. మనం ఇక్కడి పౌరులం, ఇక్కడి పన్నులు కడుతున్నాం, ఇంకొక రాష్ట్రానికి జామీనుగా ఉంచిన మనుషులం కాము. ఆంధ్రలోనో తెలంగాణలోనో తమిళ, కన్నడ, ఒడియా బడి మూతపడితే దానికి కూడా మనమే ముందుగా గొంతెత్తాలి. కాని అక్కడి తప్పుకు ఇక్కడి బిడ్డను శిక్షించడాన్ని ఏ న్యాయసూత్రమూ సమర్థించదు. లిథువేనియా సరిహద్దున పూన్స్క్ అనే ఊరి చుట్టుపక్కల పల్లెల్లో 2011 ఆగస్టులో లిథువేనియన్ పేర్లున్న బోర్డుల మీద ఎవరో రాత్రికి రాత్రి రంగు పూసి పోయారు. అక్కడి ప్రజలు మళ్లీ రాయించుకున్నారు.

చివరి రోజు తూర్పుగా క్రుషిన్యానీ అనే పల్లెకు వెళ్లాను. 1679లో పోలెండు రాజు యాన్ సోబియెస్కి తన సైన్యంలోని తాతార్లకు జీతానికి బదులు భూములిచ్చిన పల్లె అది. ఆకుపచ్చ రంగు వేసిన చెక్క మసీదు ఉంది, దూరం నుండి చూస్తే చర్చి అనుకుంటాం. ఈ తాతార్లు తమ తురుష్క భాషను శతాబ్దాల కిందటే మరిచిపోయారు. కాని అక్షరాన్ని వదలలేదు. బెలారూసీ, పోలిష్ మాటలను అరబ్బీ లిపిలో రాసుకుని ధర్మగ్రంథాలు నిలుపుకున్నారు. మాట పోయింది, లిపి ఉంది. మన కథ తలకిందులు. మాట ఉంది, లిపి పోతోంది. త్యాగరాజ కీర్తనను తమిళ లిపిలోనో కన్నడ లిపిలోనో రాసుకుని పాడే పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. వారిని నేను తప్పు పట్టను. ఏ లిపిలో రాసుకున్నా నోట ఉన్నది తెలుగే. కాని ఆ పిల్లలకు వాళ్ల తాత రాసిన ఉత్తరం చదవడం రాదు, దస్తావేజు చదవడం రాదు. వ్యాజ్యాల్లో దీనివల్ల ఎంత నష్టపోతున్నారో నేను వృత్తిరీత్యా చూస్తున్నాను. పాత తెలుగు దస్తావేజులో ఏముందో తెలియక పొరుగువాడి మాట మీద సంతకం చేసి భూమి పోగొట్టుకున్న కుటుంబాలు నా దగ్గరకు వచ్చాయి.

తిరిగి నగరానికి వచ్చాక ‘నీవా’ అనే బెలారూసీ వారపత్రిక కొనుక్కున్నాను. చేను అని అర్థం. 1956లో మొదలైంది, అంటే ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మన ఊళ్లు గీతకు ఇవతల మిగిలిపోయిన ఏడాదే. నాటి నుండి నేటి దాకా బియావిస్తోక్ నుండే వస్తోంది. ప్రభుత్వ సహాయం తీసుకుంటుంది, దానిపై విమర్శలూ ఉంటాయి. అయినా వారం వారం వస్తోంది. అందులో ‘జోర్కా’ అని పిల్లల పుట ఉంది. చిన్న నక్షత్రం అని అర్థం. బడిపిల్లలు తామే రాసినవి వేస్తారు. నేను కొన్న సంచికలో ఒక పిల్ల తమ ఇంటి కోడిపుంజు గురించి ఎనిమిది వరుసలు రాసింది. వెంట ఉన్న విద్యార్థిని చదివి చెప్పింది, అందులో రెండు మాటలు పుస్తకాల బెలారూసీ కావట, అమ్మమ్మల యాసవట. సంపాదకులు వాటిని దిద్దకుండా అలాగే వేశారు.

ఆ సంచికను వెంట తెచ్చాను. బయట పుస్తకాల బల్ల మీద, మన పత్రిక పాత సంచికల పక్కన పెట్టించాను. దానితో పాటు, తెలుగు మాతృభాషగా రాయించుకోవడానికి జనగణన వేళ ఏం చెప్పాలో తెలిపే ఒక పుట కూడా ఉంది. ఇంటికి ఒకటి చొప్పున తీసుకుని వెళ్లండి. సెలవు.